నౌషేరా సింహం బ్రిగేడియర్ ముహమ్మద్ ఉస్మాన్



ప్రతి ఏటా సావనీరుకు ఏదో ఒకటి రాసి ఇమ్మని కార్యదర్శిగారు మమ్ములను అడుగుతారు. మేము కూడా చదువుల గురించో, పదో తరగతి ఫలితాల గురించో నాలుగు ముక్కలు రాసి ఇస్తూ వచ్చాము. ఈసారి ఒక మనిషి గురించి రాయదలచాము. దీనికి కారణం మా ఎనిమిదో తరగతి పిల్లవాడు ఒకడు.

మేము ఉర్దూ మీడియం బడిలో సాంఘిక శాస్త్రం చెప్పే పంతులము. ఒక ఏడు ఆగస్టు పదిహేనుకు ముందు రోజు, దేశం కోసం ప్రాణాలు ఇచ్చిన వీరుల పేర్లు పిల్లల చేత నల్లబల్ల మీద రాయించుచున్నాము. వెనుక బెంచీ నుండి ఒక పిల్లవాడు లేచి, యుద్ధంలో చనిపోయిన పెద్ద ఆఫీసర్లలో మనవాళ్ళు ఎవరైనా ఉన్నారా సార్ అని అడిగాడు. 1965 యుద్ధంలో పరమవీర చక్ర పొందిన అబ్దుల్ హమీద్ పేరు చెప్పాము. ఆయన హవల్దారు కదా సార్, నేను అడిగింది పెద్ద ఆఫీసరు గురించి అన్నాడు. మేము తడబడ్డాము. రేపు చెబుతాము కూర్చో అన్నాము. ఇన్నేళ్ళుగా పాఠం చెబుతున్న మనిషికి రేపటి దాకా గడువు కావలసి వచ్చింది. ఆ రాత్రి పుస్తకాలు వెతికితే దొరికిన పేరే బ్రిగేడియర్ ముహమ్మద్ ఉస్మాన్.

పుట్టుక, చదువు

ఉస్మాన్ సాహెబ్ 1912 జులై 15న అప్పటి సంయుక్త రాష్ట్రంలోని ఆజంగఢ్ జిల్లా బీబీపూర్‌లో జన్మించారు. ఆ ఊరు ఇప్పుడు ఉత్తరప్రదేశ్‌లో మవూ జిల్లాలో ఉన్నది. తండ్రి ముహమ్మద్ ఫారూఖ్ సాహెబ్ బనారసు నగరానికి కొత్వాలు, అనగా పోలీసు పెద్ద. ఉస్మాన్ చదువు బనారసులోనే సాగింది. పన్నెండేళ్ళ వయసులో బావిలో పడిన ఒక పిల్లవాడిని చూసి, వెనుకా ముందూ చూడకుండా దూకి పైకి తెచ్చాడని ఆయన జీవితం రాసిన వారందరూ చెబుతారు.

ఈ పిల్లవాడికి ఒక లోపం ఉండేది. మాట తడబడేది, నత్తి. తండ్రి పోలీసు ఉద్యోగంలో చేరమన్నాడు. కొడుకు మాత్రం సైన్యంలోనే చేరతానని పట్టుబట్టాడు. ఇంగ్లండులోని శాండ్‌హర్స్ట్ సైనిక విద్యాలయానికి పరీక్ష రాసి 1932లో ఎంపిక అయ్యారు. అదే సంవత్సరం డెహ్రాడూన్‌లో మన దేశపు సైనిక అకాడమీ తెరవటంతో శాండ్‌హర్స్ట్‌లో భారతీయులకు దొరికిన సీట్లలో అవే ఆఖరివి. ఆ ఆఖరి బ్యాచిలో ఉన్న మనవారు పదిమంది మాత్రమే. నత్తి ఉన్న పిల్లలు మా తరగతిలోనూ ఉన్నారు. పాఠం చదవమంటే తల దించుకుంటారు. వారికి ఈ సంగతి చెప్పినప్పుడు వారి ముఖాల్లో వచ్చిన వెలుగు మేము కళ్ళారా చూశాము.

సైన్యంలో

1934 ఫిబ్రవరిలో ఆయన ఆఫీసరు అయ్యారు. మొదట ఒక ఏడాది బ్రిటిష్ పటాలంతో పని నేర్చుకుని, 1935లో పదవ బలూచ్ రెజిమెంటులో చేరారు. వాయవ్య సరిహద్దు కొండలలో పనిచేశారు. రెండవ ప్రపంచ యుద్ధంలో బర్మా రంగమున సేవ చేశారు. 1945 ఏప్రిల్ నుండి ఒక సంవత్సరం పాటు అదే రెజిమెంటు పద్నాలుగవ బెటాలియనుకు కమాండరుగా ఉన్నారు. ఈ భాగం మేము త్వరగా ముగిస్తున్నాము, ఎందుకనగా ఆయన జీవితంలో అసలు పరీక్ష ఆ పిమ్మట వచ్చింది.

ఎటు పోవాలి?

1947లో దేశం రెండు ముక్కలైంది. భూమితో పాటు సైన్యం కూడా పంచుకోబడింది. పటాలాలు, తుపాకులు, లారీలు, ఆఖరికి బ్యాండు వాద్యాలు కూడా పంచుకున్నారు. బలూచ్ రెజిమెంటు పాకిస్తాను వాటాకు పోయింది. పన్నెండేళ్ళు కలిసి తిని, కలిసి యుద్ధం చేసిన స్నేహితులు అటు వెళ్తున్నారు. ఆయన ఇటే ఉంటానన్నారు. జిన్నా సాహెబ్, లియాఖత్ అలీ ఖాన్ సాహెబ్ వంటి పెద్దలు ఆయనను అటు రమ్మని నచ్చజెప్పారని, ముందు ముందు పెద్ద పదవి ఖాయమని ఆశ చూపారని ప్రతీతి. ఆయన మాట మార్చలేదు. రెజిమెంటు వదులుకుని డోగ్రా రెజిమెంటుకు మారారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి చెప్పవలసి ఉన్నది. కొందరు ఆయన జీవితాన్ని ఎవరికో చూపవలసిన సర్టిఫికెట్టు లాగా చెబుతారు. మాకు అలా తోచలేదు. పుట్టిన ఊరు ఇక్కడ, బావిలో దూకి పిల్లవాడిని తీసిన ఊరు ఇక్కడ. తన ఇల్లు ఎక్కడో తెలిసిన మనిషి ఇంట్లోనే ఉన్నాడు. ఇంట్లో ఉన్నందుకు ఎవరూ రుజువు చూపనక్కర లేదు.

ఝంగడ్ పోయింది, నౌషేరా నిలిచింది

1947 అక్టోబరులో కాశ్మీరులో యుద్ధం మొదలైంది. ఉస్మాన్ సాహెబ్ అంతకుముందు 77వ పారాచూట్ బ్రిగేడుకు కమాండరు. డిసెంబరులో 50వ పారాచూట్ బ్రిగేడు బాధ్యత ఆయన మీద పడింది. జమ్మూ ప్రాంతంలో ఝంగడ్ అనే చోట మీర్‌పూర్ నుండి వచ్చే దారి, కోట్లీ నుండి వచ్చే దారి కలుస్తాయి. ఆ కూడలి ఎవరి చేతిలో ఉంటే నౌషేరా మెడ మీద వారి చేయి ఉన్నట్టే. డిసెంబరు ఆఖరి వారంలో ఎదుటివారు పెద్ద సంఖ్యలో వచ్చి ఝంగడ్‌ను పట్టుకున్నారు.

ఆ రోజున ఉస్మాన్ సాహెబ్ ఒక శపథం చేశారు. ఝంగడ్ తిరిగి మన చేతికి వచ్చే దాకా మంచం ఎక్కనని. కొండల్లో జనవరి చలి ఎట్లుంటుందో మన దక్కను వారికి చెబితే తెలియదు. ఆ చలిలో బ్రిగేడియరు హోదా గల మనిషి మూడు నెలలు నేల మీద చాప పరుచుకుని పడుకున్నాడు.

1948 జనవరిలో పశ్చిమ రంగపు సేనలకు జనరల్ కరియప్ప అధిపతిగా వచ్చారు. నౌషేరా వచ్చి చూసి, పైనున్న కోట్ అనే గుట్ట ఎదుటివారి చేతిలో ఉన్నంత కాలం ఊరికి క్షేమం లేదని, దానిని పట్టుకోవలెనని ఉస్మాన్ సాహెబ్‌తో చెప్పారు. ఫిబ్రవరి 1న కోట్ మన చేతికి వచ్చింది. సరిగ్గా ఐదు రోజులకు, ఫిబ్రవరి 6 తెల్లవారు జామున, వేల మంది నౌషేరా మీద నలువైపులా విరుచుకుపడ్డారు. తైన్‌ధార్ గుట్ట మీద ఒక చిన్న ఠాణాలో తొమ్మిది మందితో నిలిచి ఆఖరుకు ఒంటరిగా పోరాడి మరణించిన నాయక్ జదునాథ్ సింగ్‌కు ఆ నాటి పోరుకే పరమవీర చక్ర లభించింది. సాయంత్రానికి నౌషేరా నిలిచింది. మన పక్షమున 33 మంది మరణించగా 102 మంది గాయపడ్డారు. ఎదుటివారి నష్టం దానికి ఎన్నో రెట్లు. ఆ రోజు నుండే జనం ఆయనను నౌషేరా షేర్, అనగా నౌషేరా సింహం అనసాగారు. అవతల వారు ఆయన తలకు 50,000 రూపాయల వెల కట్టారు. 1948లో యాభై వేలు అంటే ఎంతో పెద్దలకు తెలియును.

ఆ యుద్ధమున ఎదుటివారు మతం పేరు చెప్పి పిలుస్తున్నారు. ఇక్కడ బ్రిగేడు నడుపుతున్నది అదే మతం మనిషి. ఆయన కింద ఉన్న జవాన్లు రాజపుత్రులు, డోగ్రాలు, మరాఠాలు, సిక్కులు. ఎదురుపడినప్పుడు అందరూ జైహింద్ అని పలకరించుకొనవలెనని ఆయనే అలవాటు చేశారు. ఆయన నమాజు ఆయనది, జవాన్ల పూజలు జవాన్లవి. గుట్ట మీద నిలిచేటప్పుడు మాత్రం అందరిదీ ఒకే వరుస.

నౌషేరా పిల్లలు

మాకు అన్నిటి కన్నా మనసుకు తగిలిన సంగతి ఇది. యుద్ధం వలన ఎన్నో కుటుంబాలు ఊళ్ళు విడిచి నౌషేరా చేరాయి. తల్లిదండ్రులను పోగొట్టుకున్న ఆరేళ్ళు, పన్నెండేళ్ళ పిల్లలు వీధుల్లో తిరుగుతున్నారు. చేతిలో యుద్ధం ఉన్న కమాండరుకు ఈ పిల్లల సంగతి పట్టించుకునే తీరిక ఎక్కడిది? అయినా ఆయన వారిని ఒక చోట చేర్చి, తిండి పెట్టించి, కాస్త చదువు, కాస్త కసరత్తు ఏర్పాటు చేశారు. దానికి బాలక సేన అని పేరు. పోరు జరిగిన రోజున ఈ పిల్లలు గుళ్ళ మధ్య చీటీలు మోశారు. వారిలో ముగ్గురికి ప్రధాని నెహ్రూ గారు బంగారు గడియారాలు బహుమతిగా ఇచ్చారు. చిన్న పిల్లలను గుళ్ళ మధ్యకు పంపటం తగునా అని ఒక పంతులుగా మాకు మనసులో ములుకు గుచ్చుకుంటుంది. దాచము. అయితే ఆ పిల్లలకు ఆ ఊళ్ళో ఆ చలికాలంలో దిక్కు అంటూ ఉన్నది ఆయన ఒక్కరే అన్నది కూడా నిజం.

ఉస్మాన్ సాహెబ్ పెండ్లి చేసుకోలేదు. మద్యం ముట్టరు, మాంసం తినరు. జీతంలో ఎక్కువ భాగం బీద పిల్లల చదువులకు, వారి పోషణకు పోయేది. మన సొసైటీ ఏటా పుస్తకాలకు, ఫీజులకు చందాలు పోగు చేస్తుంది కదా, ఆ పనిని ఆయన ఒక్కడే తన జేబులో నుండి చేశాడు.

మంచం తెచ్చిన రోజు

1948 మార్చి 18న 19వ ఇన్‌ఫెంట్రీ బ్రిగేడుతో కలిసి ఆయన బ్రిగేడు ఝంగడ్‌ను తిరిగి పట్టుకున్నది. ఆ రాత్రి ఆయన మంచం మీద పడుకోవలెను. తీరా చూస్తే బ్రిగేడు ఠాణాలో మంచమే లేదు. పక్క పల్లె నుండి ఒక మంచం అడిగి తెచ్చారు. మూడు నెలల పిమ్మట ఆయన నడుము మంచం మీద వాల్చారు.

జులై 3

ఝంగడ్ పోయినందుకు అవతలివారు ఊరుకోలేదు. మే నెల నుండి పాకిస్తాను సైన్యం పెద్ద ఫిరంగులతో ఆ చోటును కొడుతూనే ఉన్నది. ఉస్మాన్ సాహెబ్ కదలలేదు. జులై 3, శనివారం. సాయంత్రం ఫిరంగి గుండ్లు పడసాగాయి. అందరూ ఒక పెద్ద బండ చాటున చేరారు. మోత కాస్త తగ్గగానే ఆయన బయటకు వచ్చారు. దగ్గరలో ఒక గుండు పడి పేలింది. అక్కడికక్కడే ప్రాణం పోయింది. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజివూన్. ముప్పై ఆరు నిండటానికి ఇంకా పన్నెండు రోజులు ఉన్నవి.

మయ్యితును ఢిల్లీకి తెచ్చారు. ప్రభుత్వ లాంఛనాలతో జనాజా సాగింది. గవర్నరు జనరల్ రాజగోపాలాచారి గారు, ప్రధాని నెహ్రూ గారు, మౌలానా ఆజాద్ సాహెబ్, షేక్ అబ్దుల్లా సాహెబ్ హాజరయ్యారు. ఓఖ్లాలోని జామియా మిల్లియా ఇస్లామియా ఆవరణలో దఫన్ చేశారు. ఆ జామియాను 1926 నుండి ఇరవై రెండేళ్ళు అర్ధాకలితో నడిపిన డాక్టర్ జాకిర్ హుసేన్ సాహెబ్ 1897లో మన హైదరాబాదులోనే పుట్టారు. రాష్ట్రపతిగా ఉండి 1969లో కన్నుమూసిన ఆయన మజారు కూడా జామియాలోనే ఉన్నది. సైనికుడికి చదువుల తోటలో చోటు దొరకటం, పిల్లల చదువుకు జీతం ఇచ్చిన మనిషికి తగినదే అనిపిస్తుంది. ప్రభుత్వం ఆయనకు మహావీర చక్ర ప్రకటించింది.

రాళ్ళ మీద పేరు

ఆయన కన్నుమూసిన ఝంగడ్‌లో సైన్యం స్మారకం కట్టింది. ఏటా జులై 3న అక్కడ ఝంగడ్ దినం జరుపుతారు. 2012లో ఆయన పుట్టి నూరేళ్ళు అయినప్పుడు ఢిల్లీ సమాధి వద్ద సైనికులు పుష్పగుచ్ఛాలు ఉంచి నివాళి ఇచ్చారు. 2019 ఫిబ్రవరి 25న ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం ప్రారంభమైంది. స్వాతంత్ర్యం వచ్చినప్పటి నుండి యుద్ధాల్లో పోయిన పాతిక వేల మందికి పైగా పేర్లు అక్కడ గ్రానైటు పలకల మీద చెక్కి ఉన్నవి. బ్రిగేడియరు పక్కన సిపాయి, గుజ్జర్ పక్కన గూర్ఖా, అందరి పేర్లకూ ఒకటే సైజు అక్షరం.

ఇంత జరిగినా 2020 డిసెంబరు ఆఖరున ఒక చేదు వార్త వచ్చింది. జామియా కబరస్తానులో ఉస్మాన్ సాహెబ్ సమాధి రాయి పగిలి పడి ఉన్నదని. ఎవరి పనో ఏమో, పత్రికలలో ఫొటోలు వచ్చాయి. ఆ పిమ్మట సైన్యమే పూనుకొని బాగు చేయించింది. ఆ వార్త చదివిన నాడు మాకు పగలగొట్టిన వారి మీద వచ్చిన కోపం కంటే మా మీద మాకు వచ్చిన సిగ్గే ఎక్కువ. ఆ సమాధి మన బస్తీ నడుమనే ఉన్నది. చుట్టూ మన ఇళ్ళు, మన దుకాణాలు. రాయి పగిలిన సంగతి ముందు మనకు తెలియవలెనా, సైన్యానికి తెలియవలెనా?

ఆ తరువాత ఒక శీతాకాలంలో బంధువుల పెండ్లికి ఢిల్లీ పోయినప్పుడు మేము వీలు చేసుకుని ఓఖ్లా వెళ్ళాము. కబరస్తాను దారి అడిగితే చెప్పారు గాని బ్రిగేడియరు సాహెబ్ సమాధి ఎక్కడ అంటే ఇద్దరు తెలియదన్నారు. మూడో మనిషి, ఒక ముసలాయన, మాతో పాటు నడిచి వచ్చి చూపించి, తానూ చేతులెత్తి ఫాతిహా చదివి, ఒక్క మాటా అడగకుండా వెళ్ళిపోయాడు. మేము అక్కడ కాసేపు నిలిచాము. మా తరగతి పిల్లవాడు గుర్తుకు వచ్చాడు.

ఈ పేరు మనకెందుకు అందలేదు?

ఢిల్లీ నుండి తిరిగి వచ్చే రైలులో ఇదే ఆలోచన. 1948 అంటే మన ఇళ్ళలో వేరే 1948. ఉస్మాన్ సాహెబ్ ఝంగడ్‌లో నేల మీద పడుకున్న రోజుల్లో ఇక్కడ హైదరాబాదు సంస్థానంలో రజాకార్ల ఆగడాలు, పల్లెల్లో భయం. ఆయన దఫన్ అయిన రెండు నెలలకు, సెప్టెంబరు 13 నుండి 17 వరకు పోలీసు చర్య. దాని వెనుక ఎన్ని ఇళ్ళు మగదిక్కు పోగొట్టుకున్నవో పెద్దలకు తెలుసు. మా నాయనమ్మ ఆ సంవత్సరం పేరు ఎత్తితే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. ఆ మౌనంలో పెరిగిన వాళ్ళము మేము. ఆ ఏడాదిలో చెప్పుకోదగిన మంచి మాట ఒకటి ఉన్నదని ఎవరూ చెప్పలేదు, మేమూ వెతకలేదు. దుఃఖం దాచిపెట్టిన పెట్టెలోనే ఈ పేరు కూడా ఉండిపోయింది. పెట్టె తెరిస్తే రెండూ బయటకు వస్తాయి. రెండూ మన పిల్లలకు చెప్పవలసినవే.

మా మనవి

స్మారకం అంటే రాయి అనుకుంటాము. రాయి దగ్గరకు పోయే కాళ్ళు, పేరు పలికే నోళ్ళు లేకపోతే రాయి ఎన్నాళ్ళు నిలుస్తుంది? ఓఖ్లాలో చూశాము కదా.

అందుచేత సొసైటీ పెద్దలకు రెండు చిన్న మనవులు చేయుచున్నాము. ఏటా మనం పుస్తకాలు, ఫీజులు ఇచ్చే పిల్లలలో తల్లిదండ్రులు లేని పిల్లలకు ఇచ్చే సాయానికి బ్రిగేడియర్ ఉస్మాన్ పేరు పెట్టండి. దీనికి అదనపు ఖర్చు లేదు. ఆ చెక్కు అందుకున్న పిల్లవాడు ఈ ఉస్మాన్ ఎవరు అని ఇంట్లో అడుగుతాడు. ఇంట్లో వారికి తెలియకపోతే ఈ సావనీరు తీసి చదువుతారు. రెండవది, ఢిల్లీ పోయే వారు కుతుబ్ మీనారు, ఎర్రకోట చూసిన చేత్తో ఒక పూట ఓఖ్లా కూడా వెళ్ళి రండి. మెట్రో రైలు జామియా దగ్గరే ఆగుతుంది.

ఇక ఆ పిల్లవాడి సంగతి. మరునాడు జెండా ఎగరేసిన పిమ్మట వాడిని ముందుకు పిలిచి, ఉస్మాన్ సాహెబ్ కథ మొదటి నుండి చెప్పాము. అంతా విని వాడు ఝంగడ్ గురించి అడగలేదు, యాభై వేల గురించి అడగలేదు. నౌషేరా పిల్లలకు తరువాత చదువు ఎవరు చెప్పించారు సార్ అని అడిగాడు. దానికి మళ్ళీ మా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు మనమే కావలెనని మా కోరిక.

అల్లాహ్ మర్హూమ్‌కు మగ్ఫిరత్ ప్రసాదించుగాక. ఆమీన్.